సిరంజి మూత ఏ రంగు? టైప్ వన్ పిల్లల తల్లిదండ్రుల గ్రూపు డైరీ

ఏప్రిల్ ఆఖరు

పని ఏంటో ముందు రాసి పెట్టుకుంటున్నా. ఖమ్మం, మహబూబాబాద్, సూర్యాపేట, కొత్తగూడెం చుట్టుపక్కల టైప్ వన్ డయాబెటిస్ ఉన్న పిల్లల ఇళ్ళని ఒక గ్రూపుగా కలపాలి. కొత్తగా ఏదీ కొనకుండా, అందరి ఫోన్లలో ఇప్పటికే ఉన్నవాటితోనే. మా బాబుకి పదేళ్ళు, ఇన్సులిన్ మొదలై మూడేళ్ళు దాటింది. మాది ఖమ్మంలో మీసేవ సెంటర్. మా ఆయనా నేనూ ఇద్దరం కూర్చుంటాం కాబట్టి ఫారాలు, ఓటీపీలు, తాకితే పనిచేయని పాత ఫోన్లు నాకు రోజూ ఉండే గొడవే.

హైదరాబాద్‌లో, బెంగళూరులో ఇలాంటి గ్రూపులు ఉన్నాయి. నేనూ వాటిలో ఉన్నా, చాలా నేర్చుకున్నా. అయితే అక్కడ మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే. ఒంటికి తగిలించుకునే ఇన్సులిన్ పంపుల గురించి, రెండు వారాలకొకసారి మార్చే షుగర్ సెన్సార్ల గురించి. మా వైపు ఎక్కువ ఇళ్ళలో ఉండేది వయల్ (ఇన్సులిన్ సీసా), సిరంజి, షుగర్ చూసుకోవడానికి లెక్కపెట్టి వాడుకునే స్ట్రిప్పులు. పైగా పిల్లకి షుగర్ అని తెలియగానే ఊళ్ళో ముందు తల్లినే అంటారు, "చిన్నప్పుడు చాక్లెట్లు బాగా పెట్టినవా?" అని. ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాలని నాశనం చేయడం వల్ల ఇది వస్తుందని, తీపి తిన్నందుకు రాదని అత్తగారికి ఒక్క కోడలు చెబితే ఎదురు మాట్లాడినట్టు ఉంటుంది. ఇరవై ఇళ్ళ వాళ్ళు అదే మాట చెబుతుంటే విననివాళ్ళు కూడా వింటారు. గ్రూపు మీద నాకున్న ఆశ అదీ.

మే మొదటి వారం: మనుషులు ఎక్కడ దొరుకుతారు?

ఆసుపత్రుల్లో అడిగితే పేషెంట్ల నంబర్లు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఇన్సులిన్ కొనేవాళ్ళు అందరూ తప్పకుండా వచ్చే చోటు మెడికల్ షాపు. ఫ్రిజ్ ఉన్న షాపులు మండలానికి కొన్నే ఉంటాయి. వాటినే పట్టుకున్నాం.

పోస్టర్లు చేసే కాన్వా యాప్‌లో ఒక పోస్టర్ చేశా. కొన్ని ఫాంట్లలో తెలుగు ఒత్తులు విడిపోయి "ఇన్సులిన్" చదవడానికి రాకుండా పోయింది. తెలుగు కోసమే చేసిన ఫాంట్ ఎంచుకుంటే సరిపోయింది. క్యూఆర్ కోడ్ పెట్టాం కానీ పోస్టర్ ముందు నిలబడి స్కాన్ చేసినవాళ్ళు దాదాపు లేరు. షాపులో జనం చూస్తుండగా "మా పిల్లకి షుగర్" అని ఫోన్ ఎత్తి చూపించినట్టే కదా అది. దాని బదులు ఒక నంబర్, కింద ఒకే లైను: "పిల్లలకి ఇన్సులిన్ వాడుతున్నారా? మిస్డ్ కాల్ ఇవ్వండి, మేమే చేస్తాం." ఆ పోస్టర్‌ని చిన్న చీటీలుగా కత్తిరించి ఇన్సులిన్ కవర్‌లో వేయమని షాపువాళ్ళని అడిగాం. కాల్స్ అప్పుడు మొదలయ్యాయి.

కాల్స్‌లో సగం తండ్రులవే. ఫోన్ వాళ్ళ దగ్గర ఉంటుంది. పిల్లకి సూది వేసేది మాత్రం తల్లో, నాయనమ్మో. ఇది మొదటి రోజుల్లోనే తెలిసింది, ఆ తర్వాత ప్రతి నిర్ణయానికీ ఇదే అడ్డం పడింది.

మే మూడో వారం: నంబర్ల గొడవ

మామూలు వాట్సాప్ గ్రూపు పెడితే అందరి నంబర్లు అందరికీ కనిపిస్తాయి. తల్లుల్ని చేర్చుదామంటే ఇళ్ళలో మొదటి అభ్యంతరం అదే. "ముక్కూమొహం తెలియని మగవాళ్ళ దగ్గర మా ఆవిడ నంబర్ ఎందుకండీ?" అని ఒకాయన సూటిగానే అడిగారు. కోపం రాలేదు, సమాధానం చెప్పాల్సిన ప్రశ్నే అది.

టెలిగ్రామ్‌లో నంబర్ దాచుకోవచ్చు. కానీ కొత్త యాప్ అనగానే సగం మంది ఆగిపోయారు. ఫోన్‌లో జాగా లేదంటారు, ఆ జాగా అంతా గుడ్ మార్నింగ్ ఫొటోలతో నిండి ఉంటుంది. చివరికి వాట్సాప్ కమ్యూనిటీ దగ్గర ఆగాం. దానిలో ప్రకటనల గ్రూపు ఒకటి వస్తుంది. అక్కడ అడ్మిన్లు మాత్రమే రాస్తారు, సభ్యుల నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. దాని కింద రెండు చిన్న గ్రూపులు పెట్టాం: తల్లులకి, నాయనమ్మలకి, అమ్మమ్మలకి ఒకటి; అందరికీ ఒకటి. ఇష్టం ఉన్నవాళ్ళే చిన్న గ్రూపుల్లోకి వస్తారు. మిగతావాళ్ళు ప్రకటనలు వింటూ ఉండిపోవచ్చు. అలా ఉండిపోయినవాళ్ళే ఎక్కువ, అయినా ఫర్వాలేదు.

పిల్లల పేర్లు, ఫొటోలు వద్దని మొదటే రాశాం. "పాప, 9 ఏళ్ళు, మధిర వైపు" అంటే చాలు. ఆడపిల్లల తల్లిదండ్రుల భయం ఏంటో నేను చెప్పక్కర్లేదు. పదేళ్ళ తర్వాత సంబంధం చూసేటప్పుడు ఈ ఫొటో ఎవరి ఫోన్లోంచి బయటికొస్తుందో అని. 2023లో వచ్చిన డిజిటల్ డేటా చట్టం కూడా 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటుంది. కానీ మా రూలు చట్టం చూసి పెట్టింది కాదు, తల్లుల మొహాలు చూసి పెట్టింది.

మే ఆఖరు: ఎండలు, ఒక పోల్

కొత్తగూడెం వైపు ఎండలు మండిపోతున్నాయి, కరెంటు పోతోంది. వాడకుండా దాచే ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న వయల్ మామూలు గది వేడిలో దాదాపు నాలుగు వారాలు ఉంటుంది కానీ మా మే నెలలో మామూలు గది ఎక్కడుంది?

"ఇన్సులిన్ ఎక్కడ పెడతారు?" అని వాట్సాప్ పోల్ పెట్టాం. ఫ్రిజ్ తలుపులో, ఫ్రిజ్ మధ్య అరలో, డీప్ ఫ్రిజ్‌లో, కుండలో, పక్కింటివాళ్ళ ఫ్రిజ్‌లో. వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనిపిస్తుంది, అందుకని చాలామంది ముట్టుకోలేదు. ఆ కనిపించడమే ఒక పనికి మాత్రం ఉపయోగపడింది. "డీప్ ఫ్రిజ్" నొక్కినవాళ్ళకి గ్రూపులో ఏమీ అనకుండా విడిగా ఫోన్ చేశాం. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి బాగానే ఉండొచ్చు, పనిచేస్తుందని నమ్మలేం. పారేయాల్సిందే.

ఫ్రిజ్ లేని ఇళ్ళకి కుండ పద్ధతి వీడియో తీశాం. పెద్ద మట్టికుండలో తడి ఇసుక, దానిలో చిన్న కుండ, చిన్న కుండలో మూత బిగించిన డబ్బాలో వయల్. ఇసుక ఆరిపోకుండా నీళ్ళు చల్లుతూ, గాలి ఆడే నీడలో పెట్టాలి. ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు, బయటి వేడి కంటే చాలా నయం. వీడియో తీసింది ఇల్లెందు దగ్గర ఒక నాయనమ్మ. నేను రాసిచ్చిన మాటలు పక్కన పెట్టేసి ఆవిడ సొంతంగా చెప్పింది. అదే అందరూ చూశారు, పక్క జిల్లాలకీ పంపారు.

జూన్ మొదట్లో: మూత రంగు

గ్రూపులో చేరేది నిజంగా టైప్ వన్ పిల్లల ఇంటివాళ్ళేనా అని ఎలా తెలుసుకోవాలి? ప్రిస్క్రిప్షన్ ఫొటో అడగొచ్చు. కానీ దానిలో పిల్ల పేరు, ఆసుపత్రి, అడ్రస్ అన్నీ ఉంటాయి, నా ఫోన్‌లో అవి ఉండటం నాకే ఇష్టం లేదు. గూగుల్ ఫారం పెట్టి చూశాం. తెలుగులోనే రాసినా, ఈమెయిల్ అడగకుండా సెట్టింగ్ మార్చినా నింపినవాళ్ళు కొద్దిమందే. మీసేవకి వచ్చేవాళ్ళ సంగతి తెలుసు కాబట్టి నాకు ఆశ్చర్యం లేదు. ఫారం అంటే ప్రభుత్వం ఏదో ఇస్తుందని, లేకపోతే ఏదో తీసేస్తుందని అర్థం.

అందుకని ఫోన్ చేసి మాట్లాడటమే మిగిలింది. అడిగే ప్రశ్న ఒకటే: "మీరు వాడే సిరంజి మూత ఏ రంగు?" రోజూ సూది వేసే మనిషి ఆలోచించకుండా చెబుతుంది. షుగర్‌కి మందని పొడులు అమ్మేవాళ్ళు, ఊరికే చూద్దామని వచ్చేవాళ్ళు తడబడతారు. సిరంజి బదులు ఇన్సులిన్ పెన్ వాడేవాళ్ళనైతే సూది ఎన్ని ఎంఎం అని అడుగుతాం.

ఈ ప్రశ్న పెట్టింది తలుపు దగ్గర కాపలాకి. కానీ దానివల్ల వేరే పెద్ద సంగతి బయటపడింది. మన దగ్గర వయల్స్ రెండు రకాలు. మిల్లీలీటర్‌కి 40 యూనిట్లు ఉండేవి, 100 యూనిట్లు ఉండేవి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత సిరంజి. సూర్యాపేట వైపు ఒక తండ్రి "నారింజ" అన్నారు. వయల్ మీద ఏముందో చదవమంటే "40" అన్నారు. అంటే 10 గీత దాకా లాగితే వెళ్ళేది 0.1 మిల్లీలీటరు, అంటే 4 యూనిట్లే. పాపకి షుగర్ ఎప్పుడూ మూడొందల పైనే ఎందుకుంటోందో అని ఆయన నెలల తరబడి పిల్లనే తిడుతున్నారట, దొంగతనంగా ఏదో తింటోందని.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, అది మా డాక్టర్ చెప్పింది. వెంటనే సిరంజి మార్చేయమని మనం చెప్పకూడదు. షుగర్ దిగట్లేదని అప్పటికే డోసు పెంచుకుంటూ వచ్చి ఉంటారు. సరైన సిరంజితో అవే గీతలు లాగితే ఒక్కసారిగా రెండున్నర రెట్లు పడుతుంది, షుగర్ పడిపోతుంది. ముందు వాళ్ళ డాక్టర్‌కి ఫోన్, ఆ తర్వాతే సిరంజి. వాళ్ళూ అలాగే చేశారు.

తిరగబడితే ఇంకా ప్రమాదం: 100 వయల్, ఎర్ర మూత సిరంజి. 10 అనుకుని వేస్తే 25 యూనిట్లు లోపలికి పోతాయి. అందుకే రెండు సిరంజిలు, రెండు వయల్స్ పక్కపక్కన పెట్టి తీసిన ఫొటోని గ్రూపులో పిన్ చేశాం. వాట్సాప్‌లో పిన్ ఎక్కువలో ఎక్కువ 30 రోజులే ఉంటుంది, నెలనెలా మళ్ళీ పెట్టాలి. దానికి నా ఫోన్‌లో అలారం ఉంది.

జూన్ రెండో సగం: బడులు తెరిచారు

స్కూళ్ళకి ఇచ్చే ఉత్తరం తయారుచేశాం, ఒక పేజీ. గూగుల్ డాక్స్‌లో రాసి లింక్ పంపితే యాక్సెస్ అడుగుతూ నాకు మెయిల్స్ వచ్చాయి కానీ ఉత్తరం ఎవరికీ అందలేదు. పీడీఎఫ్ చేసి పంపాం. దగ్గర్లోని జిరాక్స్ షాపులో రూపాయో రెండు రూపాయలో.

ఉత్తరంలో బతిమాలుకునే మాటలు తీసేసి ఆధారాలు పెట్టాం. బాలల హక్కుల పరిరక్షణ జాతీయ కమిషన్ 2023 జులైలో రాష్ట్రాలకి రాసింది: టైప్ వన్ పిల్లలు తరగతిలో షుగర్ చూసుకోవాల్సి రావచ్చు, ఇన్సులిన్ వేసుకోవాల్సి రావచ్చు, మధ్యలో తినాల్సి రావచ్చు, టీచర్లు ఒప్పుకోవాలి అని. సీబీఎస్‌ఈ 2017లోనే బోర్డు పరీక్షకి వెళ్ళే ఇలాంటి పిల్లలు తినడానికి ఏదైనా తీసుకెళ్ళొచ్చని సర్క్యులర్ ఇచ్చింది. వికలాంగుల హక్కుల చట్టం 2016 జాబితాలోని 21 వైకల్యాల్లో టైప్ వన్ లేదు, కాబట్టి ఆ సర్టిఫికెట్ కోసం తిరగొద్దని కూడా రాశాం. మా మీసేవకే దీని కోసం వచ్చి వెళ్ళినవాళ్ళు ఉన్నారు.

ఒక ప్రైవేటు స్కూల్లో మాత్రం "సూదులు లోపలికి తేనివ్వం" అన్నారు. ఆ తల్లి ఒక్కతే వెళ్ళినప్పుడు అన్న మాట అది. మరో ముగ్గురు తల్లుల్ని వెంటబెట్టుకుని అదే కాగితంతో వెళితే ఆఫీసు గదిలో టీచర్ ముందు వేసుకోవచ్చన్నారు.

జులై: రాసేవాళ్ళు తక్కువ, మాట్లాడేవాళ్ళు ఎక్కువ

తల్లుల గ్రూపులో వచ్చేవన్నీ వాయిస్ మెసేజ్‌లే. "అక్కా, రాత్రి నూట ఎనభై ఉండె, పొద్దుగాల్ల మూడొందలు జూపెట్టింది, ఎందుకంటవ్?" అని. వినడానికి హాయిగా ఉంటుంది. చదవడం రానివాళ్ళకి ఇదే దారి. ఇబ్బంది ఒక్కటే, వాయిస్‌ని వెతకలేం. నెల క్రితం జ్వరం వచ్చినప్పుడు ఏం చేయాలో ఎవరో బ్రహ్మాండంగా చెప్పారు. ఇప్పుడది ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

రాసినవాటిని వెతకడమూ తేలిక కాలేదు. ఒకరు షుగర్ అని, ఒకరు సుగర్ అని, ఇంకొకరు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు అని ఎవరి దారి వాళ్ళది. చివరికి ఒక పద్ధతి కుదిరింది. పనికొచ్చే వాయిస్ వస్తే, చదువుకున్న పిల్లలున్న ఇంటివాళ్ళు ఎవరైనా దానికి రిప్లై కొట్టి ఒక్క లైను రాస్తారు, ముందు ఒక హ్యాష్‌ట్యాగ్‌తో: #జ్వరం, #స్కూల్, #ప్రయాణం, #రాత్రి, #పండగ. అంతకు మించి ట్యాగులు వద్దని గట్టిగా పట్టుబట్టా. ట్యాగ్ వెతికి, ఆ రిప్లై మీద నొక్కితే వాయిస్ దగ్గరికి తీసుకెళ్తుంది. పాల్వంచ దగ్గర ఇంటర్ చదివే ఒక అమ్మాయి, తనకీ టైప్ వన్నే, దాదాపు అన్నీ తనే చేస్తోంది. ఫోన్ కీబోర్డ్ జీబోర్డ్‌లో తెలుగు మాట్లాడి టైప్ చేయించడం తల్లులకి నేర్పింది కూడా తనే.

#జ్వరం కింద ఎప్పుడూ పైన ఉండే మాట ఒకటే: అన్నం తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. వాంతులు, రొప్పు, కడుపునొప్పి ఉంటే గ్రూపులో అడుగుతూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆగస్టు: పొడి అమ్మేవాడు

మూత రంగు పరీక్ష దాటుకుని ఒకాయన వచ్చాడు. నిజంగానే ఇంట్లో పాప ఉంది, ఎర్ర మూత అని టక్కున చెప్పాడు. రెండు వారాలు అందరితో బాగా మాట్లాడి, తర్వాత ఒక పొడి గురించి మొదలుపెట్టాడు. నెల వాడితే ఇన్సులిన్ మానేయొచ్చట. పక్కన ఒక వీడియో.

"ఇన్సులిన్ ఆపొచ్చు" అనే మాట ఏ రూపంలో వచ్చినా అడ్మిన్ చూసిన క్షణంలో తీసేయాలన్నది మొదటి రోజే రాసుకున్న రూలు. వాట్సాప్‌లో అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనిపించకుండా తీసేయగలడు. తీసేశాం, ఆయనకి ఫోన్ చేశాం. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం జాబితాలో డయాబెటిస్ ఉంది, నయం చేస్తామని ప్రచారం చేయడమే నేరం. ఆ ముక్క చెప్పాక ఆయన వాదించలేదు. ఆయన్ని గ్రూపులోంచి తీసేయాలా వద్దా అన్నదాని మీద మాత్రం అడ్మిన్ల మధ్య పెద్ద చర్చ. నేను ఉంచాలనే అన్నా. ఆ ఇంట్లోనూ ఒక పాప ఉంది. ఆయన బయటికి పోతే ఆ పాపకి మందు ఆగిపోతుందో ఏమో మనకి తెలిసే దారి ఉండదు. ప్రకటనల గ్రూపులో ఉంచి, చిన్న గ్రూపుల్లోంచి తప్పించాం. ఆయన భార్య తల్లుల గ్రూపులో ఉంది, ఇప్పటికీ.

సెప్టెంబర్: రాత్రి నంబర్

ఈ నెలంతా దీనిమీదే పోయింది.

మహబూబాబాద్ దగ్గర తండా నుంచి ఒక తల్లి అర్ధరాత్రి దాటాక గ్రూపులో వాయిస్ పెట్టింది. బాబుకి చెమటలు, మీటర్ 48 చూపిస్తోంది, ఏం చేయాలి అని. మెలకువగా ఉన్న ఎవరో విని పంచదార నీళ్ళు తాగించమన్నారు, గండం గడిచింది. కానీ విన్నవాళ్ళు ఉండటం అదృష్టం. రాత్రిళ్ళు గ్రూపుని మ్యూట్ చేసుకోవడం మామూలే, చేసుకోవాలి కూడా.

మెసేజ్‌తో రాత్రి పని జరగదు. మోగాలి. అందుకని ఏ యాప్ లేకుండా మామూలు ఫోన్ కాల్‌తో ఏర్పాటు చేశాం. ఒప్పుకున్న ఇళ్ళు వారానికి ఇద్దరు చొప్పున, ఒకరు ఎత్తకపోతే రెండోవాళ్ళు. వాళ్ళ నంబర్లు ప్రతి ఆదివారం ప్రకటనల గ్రూపులో వస్తాయి. ఆ వారం వాళ్ళు ఫోన్ సైలెంట్‌లో పెట్టరు. డోంట్ డిస్టర్బ్ అలవాటున్నవాళ్ళకి, అదే నంబర్ నుంచి వెంటవెంటనే రెండోసారి కాల్ వస్తే మోగేలా సెట్టింగ్ ఎక్కడుందో చూపించాం.

ఎత్తినవాళ్ళు ఏం చెప్పాలో ఒక కార్డు రాశాం, డాక్టర్ చూసి దిద్దారు. 70 కంటే తక్కువుంటే, మెలకువలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వాలి. మరీ చిన్నపిల్లలకి అంతకంటే తక్కువ, వాళ్ళ డాక్టర్ చెప్పినంత. పదిహేను నిమిషాలకి మళ్ళీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ లేకపోయినా, ఫిట్స్ వచ్చినా నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఎన్ని యూనిట్లు వేయాలి అన్న ప్రశ్నకి మాత్రం రాత్రయినా పగలైనా గ్రూపులో ఎవరూ అంకె చెప్పకూడదు. ఇది నాకూ కష్టంగానే ఉంటుంది. మూడేళ్ళ అనుభవం నాలిక చివరే ఉంటుంది మరి.

కాల్స్ ఎక్కువ రావట్లేదు. వచ్చిన వాటిల్లోనూ సగం పైగా అంత ప్రమాదం ఏమీ లేనివి, పక్కన ఇంకో గొంతు ఉంటే చాలనుకున్నవి. అలాంటివాటికి ఎవరూ విసుక్కోవట్లేదు.

అక్టోబర్: బతుకమ్మ, తూకం

పండగ వచ్చేసరికి సత్తు ముద్దలు, మలీదలు. ఏం తింటే ఎంత అనేది అందరి టెన్షన్. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఆహార పట్టికలు విడుదల చేసింది. వాటిలోంచి మన వంటలకి కావాల్సినవి ఒక గూగుల్ షీట్‌లో పెట్టాం. జొన్నరొట్టె తింటే షుగర్ పెరగదని నమ్మేవాళ్ళు చాలామంది. 100 గ్రాముల జొన్నల్లో పిండిపదార్థం 65 గ్రాముల పైనే ఉందని చూసి నమ్మలేదు. మెల్లగా పెరుగుతుందేమో గానీ పెరగకుండా ఉండదు.

షీట్ చిన్న ఫోన్‌లో పక్కకి జరుపుతూ చూడాలి, ఎవరి వల్లా కాలేదు. దానికంటే పెద్ద చిక్కు, 100 గ్రాముల అన్నంలో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం అని రాస్తే, మా ఇంట్లో ఒక గరిటె అంటే ఎన్ని గ్రాములు? గరిటె ఇంటింటికీ వేరు.

ఒక చిన్న వంటింటి తూకం కొన్నాం. కొత్తగా ఏదీ కొనకూడదని మొదట్లో రాసుకున్నా గానీ దీనికి మినహాయింపు. ఆర్టీసీ కార్గోలో అది ఊరూరూ తిరుగుతోంది. ఒక ఇల్లు నాలుగైదు రోజులు ఉంచుకుంటుంది. తమ గరిటెడు అన్నం, తమ ఇడ్లీ, తమ ఉగ్గిన్నెడు పప్పు తూచి, ఫొటో తీసి పంపుతుంది. పాల్వంచ అమ్మాయి లెక్కకట్టి ఆ ఇంటికి ఒక్క బొమ్మ కార్డు చేసి పంపిస్తుంది. ఫ్రిజ్ మీద, లేనివాళ్ళు తలుపు వెనక అంటించుకుంటున్నారు. తూకం ఇప్పుడు ఎక్కడుందో మాత్రం షీట్‌లో రాస్తున్నాం. షీట్ పనికొచ్చింది దానికి.

నవంబర్ 14 వారం

మనకి బాలల దినోత్సవం. ప్రపంచానికి డయాబెటిస్ దినం, ఇన్సులిన్ కనుక్కున్నవాళ్ళలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజని. 1922 జనవరిలో టొరంటోలో మొదటి ఇన్సులిన్ సూది పడింది 14 ఏళ్ళ అబ్బాయికి. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతికేవాళ్ళు కాదు. పిల్లలకి ఈ కథ వాయిస్‌లో చెప్పి పంపాం. "అమ్మా, నాకంటే నాలుగేళ్ళు పెద్ద" అన్నాడు మావాడు.

డాక్టర్‌తో నెలకోసారి వీడియో కాల్ పెడదామన్న ఆలోచన ఈ వారం పక్కన పెట్టేశాం. ఉచిత జూమ్ 40 నిమిషాలకి ఆగిపోతుంది, గూగుల్ మీట్ గంటకి. అసలు కారణం అవి కాదు. అందరికీ ఖాళీ ఉండే వేళ ఒకటి లేదు. తండ్రి పొలం నుంచి ఫోన్‌తో ఇంటికి వచ్చేసరికి తల్లి వంటలో ఉంటుంది, ఆ తర్వాత సీరియల్. ఇప్పుడు ప్రశ్నలు వాయిస్‌లో మా నంబర్‌కి వస్తాయి. ఒకేలా ఉన్నవి కలిపి డాక్టర్‌కి పంపుతాం. ఆవిడ వీలున్నప్పుడు వాయిస్‌లోనే జవాబులిస్తారు. రాత్రి తొమ్మిది దాటాక ప్రకటనల్లో పెడతాం, ఆ వేళకి ఫోన్ తల్లి చేతికి వస్తుంది. "ఒక్కో పిల్లవాడి డోసు అడగొద్దు" అన్నదొక్కటే ఆవిడ షరతు, అది మా రూలు కూడా.

జనవరి, సంక్రాంతి తర్వాత

డబ్బు సంగతి. స్ట్రిప్పులు అయిపోయాయి, సాయం చేయండి అన్న మాట వస్తూనే ఉంది. మా ఖాతాలోకి ఒక్క రూపాయి రాకూడదని నిర్ణయించాం. అడిగినవాళ్ళ మెడికల్ షాపు యూపీఐకి నేరుగా కట్టాలి, షాపువాళ్ళు బిల్లు ఫొటో పంపాలి. ఒక ఇంట్లో మిగిలిన స్ట్రిప్పులు ఇంకో ఇంటికి ఇచ్చేటప్పుడు మీటర్ మోడల్ ఒకటేనా, గడువు తేదీ ఉందా అని చూస్తాం. ఒక కంపెనీ స్ట్రిప్పు ఇంకో మీటర్‌లో పనిచేయదు. ఇన్సులిన్ మాత్రం చేతులు మార్చుకోవడం లేదు. దారిలో ఎంత ఎండ తగిలిందో ఎవరికి తెలుసు?

జగ్గయ్యపేట, తిరువూరు వైపు నుంచి కాల్స్ మొదలయ్యాయి. ఖమ్మంలో మందులు కొనేవాళ్ళే వాళ్ళంతా, సరిహద్దు పెద్ద లెక్క కాదు. చేర్చుకుంటే రాత్రి నంబర్ వాళ్ళ మీద భారం పెరుగుతుంది. వాళ్ళ వైపు రాత్రి ఫోన్ ఎత్తడానికి కనీసం నాలుగు ఇళ్ళు ముందుకొస్తే వాళ్ళకి విడిగా ఒక గ్రూపు ఇద్దామన్నా. రెండు ఇళ్ళు ఒప్పుకున్నాయి.

ఇక మార్చిలో పదో తరగతి పరీక్షలు. రాసే పిల్లలు ఈసారి ఐదుగురు ఉన్నారు. మీటర్, గ్లూకోజ్, నీళ్ళ సీసా హాల్లోకి అనుమతించమని డాక్టర్ సర్టిఫికెట్‌తో హెడ్‌మాస్టర్ల ద్వారా ఫిబ్రవరి మొదటి వారంలోపు అర్జీలు వెళ్ళాలి. ఉత్తరం నమూనా తయారైంది. పాల్వంచ అమ్మాయికి ఇంటర్ పరీక్షలు కాబట్టి ట్యాగుల పని ఆ రెండు నెలలు ఇల్లెందు నాయనమ్మ మనవడు చూస్తానన్నాడు. తొమ్మిదో తరగతి కుర్రాడు, #క్రికెట్ అని ఒకటి కలుపుతానంటున్నాడు. ఇంకా ఒప్పుకోలేదు.